చలనం తగ్గితే శమనమేనా?

నాడీమండలంపై మొక్కల సారాల ప్రభావాన్ని పరీక్షించే శాస్త్రానికి మొదటినుంచీ ఒక చిక్కు ఉంది. రక్తపోటును కొలవడానికి యంత్రం ఉంది, రక్తంలో చక్కెరను కొలవడానికి రసాయన చర్య ఉంది, కాని నాడీమండలం నెమ్మదించడాన్ని సూటిగా కొలిచే సాధనం చాలా ప్రయోగశాలల్లో ఉండదు. అక్కడ కంటికి కనిపించేది జంతువు కదలిక తగ్గడం మాత్రమే. ఆ కదలిక మెదడు శాంతించడం వల్ల తగ్గిందా, కండరాల పట్టు సడలడం వల్లనా, కడుపులో బాధ వల్లనా, ఒంటి వేడి పడిపోవడం వల్లనా, లేక సారంలో విషం ఉండటం వల్లనా అన్నది ఆ జంతువు నోరు తెరిచి చెప్పదు. ఫలానా ఆకు సారానికి శమన గుణం ఉందని రుజువైంది అనే వాక్యం వెనుక ఈ కారణాలన్నిటినీ ఒక్కొక్కటిగా తోసిపుచ్చిన శ్రమ ఉండాలి. అచ్చవుతున్న పరిశోధన పత్రాల్లో చాలావాటిలో ఆ శ్రమ సగంలోనే ఆగిపోతున్నదన్నది నిష్ఠురమైనా నిజం.

శమనకారి అంటే నాడీమండలపు ఉద్రేకాన్ని, అలజడిని తగ్గించి, మనిషిని మెలకువలోనే నెమ్మదింపజేసే పదార్థం. నిద్ర పట్టించే మందు దానికంటే ఒక మెట్టు ముందుకు వెళ్తుంది. శస్త్రచికిత్సకు ఇచ్చే మత్తుమందు స్పృహనే తొలగిస్తుంది. ఆందోళనను తగ్గించే మందు భయాన్ని తగ్గిస్తుందే తప్ప చురుకుదనాన్ని తగ్గించనవసరం లేదు. ఈ నాలుగూ వేరువేరు పనులుగా కనిపించినా, ఒకే మందు తక్కువ మోతాదులో ఒక పనినీ, ఎక్కువ మోతాదులో మరొక పనినీ చేయగలదు. డయాజెపాం దీనికి అందరెరిగిన ఉదాహరణ: చిన్న మోతాదులో ఆందోళనను తగ్గిస్తుంది, మోతాదు పెరిగినకొద్దీ మగతనూ నిద్రనూ కలిగిస్తుంది. అందువల్లనే సారాల పరీక్షల్లో పోల్చి చూసుకోవడానికి ఎక్కువమంది దీనినే ప్రామాణికంగా పెట్టుకుంటారు.

ఈ శాస్త్రం ఎక్కడ గెలిచిందో, ఎక్కడ పొరబడగలదో రెండూ ఒకేచోట చూపగల మొక్క సర్పగంధి. పాతాళగంధి అని కూడా పిలిచే ఈ చిన్న మొక్క గన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరుల కుటుంబానికి చెందినది; దాని వేరును మతి చెదిరినవారికి ఇచ్చే అలవాటు ఉత్తర భారతంలో, ముఖ్యంగా బీహారులో, చాలాకాలంగా ఉండేది. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఈ వేరు పొడి ఉన్మాదాన్ని శాంతింపజేస్తున్నదని, అధిక రక్తపోటును కూడా తగ్గిస్తున్నదని ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. అదే ఏడు ఢిల్లీలోని తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుసేన్ సిద్దిఖీ ఆ వేరు నుంచి ఐదు ఆల్కలాయిడ్లను, అంటే నత్రజని కలిగి, క్షార స్వభావంతో, జీవుల మీద గట్టిగా పనిచేసే సేంద్రియ పదార్థాలను, వేరుచేసి, వాటిలో ఒకదానికి ఆ కళాశాల స్థాపకుల్లో ఒకరైన హకీం అజ్మల్ ఖాన్ పేరిట అజ్మలిన్ అని నామకరణం చేశారు.

వేరు శాంతింపజేస్తున్నదని వైద్యులు చెప్పారు, వేరులోని పదార్థాలను రసాయనవేత్తలు బయటికి తీశారు, ఇక పని పూర్తయినట్టే అనిపిస్తుంది. కాని ఆ స్ఫటికాలలో దేనిలోనూ మొత్తం వేరుకున్న శమన గుణం కనిపించలేదు. అజ్మలిన్ గుండె లయ మీద పనిచేసే పదార్థమని తరువాత తేలింది. బ్రుగాడా అనే గుండెలయ లోపాన్ని గుర్తించే పరీక్షలో దానిని నేటికీ వాడుతున్నారు. కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో రామ్‌నాథ్ చోప్రా, ఆయన సహచరులు 1930 దశకంలో ఈ వేరు ఔషధ గుణాలను పరిశీలించారు. ఆ తరువాతి దశాబ్దంలో భారతీయ పరిశోధకులు నిద్ర పుట్టించే గుణం స్ఫటికాలుగా విడివడే భాగంలో కాక, వాటిని తీసుకోగా మిగిలిన జిగట పదార్థంలో, అంటే రెజిన్ భాగంలో, ఉన్నదని చూపారు. శుద్ధ రసాయనాన్ని వెతికే వారికి పనికిరాని మడ్డిగా తోచిన ఆ జిగట నుంచే 1952లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో సీబా సంస్థకు చెందిన ముల్లర్, ష్లిట్లర్, బైన్ అనే శాస్త్రవేత్తలు రిసర్పిన్‌ను వేరుచేశారు. వేరులో అది ఉండే పాళ్లు చాలా స్వల్పం. సర్పగంధి వేరులో రిసర్పిన్, దానికి దగ్గరి పదార్థాలు కలిపి 0.15 శాతానికి తగ్గకూడదని అమెరికా ఔషధ ప్రమాణ గ్రంథం నిర్దేశించిందంటే, నూటికి తొంభైతొమ్మిది పాళ్లు మరేవో పదార్థాలున్న ముడి సారంతో పరీక్షలు చేయడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

రిసర్పిన్ ఇచ్చిన జంతువులు నిద్రలోకి జారలేదు. మెలకువగానే ఉండి, కదిలిస్తే కదిలి, మళ్లీ స్తబ్ధంగా ఉండిపోయేవి. బొంబాయిలో రుస్తుం జాల్ వకీల్ 1949లోనే 50 మంది రక్తపోటు రోగులపై సర్పగంధి ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించి పాశ్చాత్య వైద్యుల దృష్టిని దీనివైపు మళ్లించగా, 1954లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ మానసిక వైద్యశాలలో నేథన్ క్లైన్ మానసిక రోగులపై దాని ప్రభావాన్ని వివరించాడు. 1956లో రసాయనవేత్త రాబర్ట్ వుడ్‌వర్డ్ రిసర్పిన్ అనే సంక్లిష్ట అణువును ప్రయోగశాలలో కృత్రిమంగా నిర్మించాడు. ఇంతలోనే అసలు ప్రశ్న తలెత్తింది: రిసర్పిన్ తెచ్చిన ఆ నెమ్మది ఏమిటి? 1955లో అమెరికాలో బ్రోడీ అనే శాస్త్రవేత్త బృందం రిసర్పిన్ మెదడులోని సెరటోనిన్ నిల్వలను ఖాళీ చేస్తున్నదని కనుగొన్నది. ఆ తరువాత నారడ్రినలిన్, డోపమిన్ అనే ఇతర నాడీ సందేశవాహకాల నిల్వలు కూడా అలాగే ఖాళీ అవుతున్నాయని తెలిసింది. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్‌తో కదలకుండా పడి ఉన్న కుందేళ్లకూ చిట్టెలుకలకూ డోపమిన్‌కు ముడిసరుకైన డోపా ఎక్కించగా, అవి కొద్ది నిమిషాల్లోనే లేచి తిరిగాయి. శాంతమని లోకం పేరుపెట్టిన ఆ స్థితిలో పెద్ద పాలు డోపమిన్ కొరత వల్ల వచ్చిన చలన లోపమని, మనుషుల్లో పార్కిన్సన్ వ్యాధికి మూలం కూడా అలాంటి కొరతేనని గ్రహించడానికి అది దారితీసింది. ఆ కృషికే కార్ల్‌సన్‌కు 2000 సంవత్సరపు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. రిసర్పిన్ వాడిన కొందరిలో తీవ్రమైన దిగులు కలిగినట్టు కూడా అప్పట్లో వైద్యులు నివేదించారు, ఆ సంబంధం ఎంత బలమైనదన్న విషయంలో తరువాతి పరిశీలకులు సందేహం వెలిబుచ్చినా. నేడు ఔషధశాస్త్ర ప్రయోగశాలల్లో రిసర్పిన్‌ను ఎక్కువగా వాడేది ఎలుకల్లో దిగులు వంటి స్థితిని లేదా పార్కిన్సన్ లక్షణాలను కావాలని కలిగించి, మరో మొక్క సారం వాటిని పోగొడుతుందో లేదో చూడటానికి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని ఫార్మసీ కళాశాలల్లో ఔషధశాస్త్రం చదివే స్నాతకోత్తర విద్యార్థులకు ఇటువంటి పరీక్షలు పరిచితమైనవే. పని మొక్కను గుర్తించడంతో మొదలవుతుంది. వృక్షశాస్త్రవేత్త చేత దాని శాస్త్రీయ నామాన్ని ధ్రువీకరించుకుని, ఎండబెట్టిన నమూనాను భద్రపరచకపోతే తరువాతి పనంతా నీటిమీది రాత. ఎందుకంటే బ్రాహ్మి అనే పేరుతో దేశంలో రెండు వేరువేరు కుటుంబాల మొక్కలు చలామణీ అవుతున్నాయి, వాటి రసాయనాలూ వేరు. ఆకునో వేరునో నీడపట్టున ఆరబెట్టి, పొడిచేసి, ద్రావకంతో సారం తీస్తారు. అందుకు విరివిగా వాడే సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో కింద మరిగే ద్రావకం ఆవిరై పైన చల్లబడి, పొడి మీదుగా జారి, మళ్లీ కిందికి చేరుతూ గంటల తరబడి పదార్థాలను ఒలుచుకుంటూనే ఉంటుంది. దీన్ని 1879లో ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ రూపొందించింది పాలలోని కొవ్వును కొలవడానికి కావడం ఒక విశేషం. పెట్రోలియం ఈథర్ కొవ్వులను, నూనెలను తెస్తుంది; మిథనాల్, ఇథనాల్ ఆల్కలాయిడ్లను, ఫ్లావనాయిడ్లను తెస్తాయి; నీరు చక్కెరలను, లవణాలను తెస్తుంది. ఏ ద్రావకాన్ని ఎంచుకున్నామన్నదే ఏ గుణం బయటపడుతుందన్నదాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. అశ్వగంధ ఆకుల విషయంలో జపానులోని త్సుకుబాలో జరిగి 2017లో వెలువడిన అధ్యయనం ఇందుకు మంచి సాక్ష్యం: అశ్వగంధకు ప్రసిద్ధి తెచ్చిన వితనోలైడ్లు సమృద్ధిగా ఉన్న ఆల్కహాలు సారం చిట్టెలుకలకు నిద్ర తేలేదు, ట్రైఇథిలీన్ గ్లైకాల్ ఎక్కువగా ఉన్న నీటి సారం తెచ్చింది. ఆ బృందం నిద్రను కంటితో అంచనా వేయక, మెదడు విద్యుత్ తరంగాలను నమోదుచేసి కొలిచింది. ఈ రంగంలో అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి అదే, ఖర్చు ఎక్కువ కావడం వల్ల చాలా కళాశాలలకు అందుబాటులో లేనిదీ అదే.

సారం తయారైన తరువాత ద్రావకాన్ని పూర్తిగా ఆవిరి చేయాలి, లేకుంటే మొక్క గుణమనుకున్నది మిగిలిపోయిన ఆల్కహాలు గుణమే కావచ్చు. ఎండిన ముద్దను నీటిలోనో, నీటికి కాస్త చిక్కదనమిచ్చే సెల్యులోజ్ ద్రావణంలోనో కలిపి నోటి ద్వారా ఇస్తారు, అదే ద్రావణాన్ని సారం లేకుండా మరొక గుంపుకు ఇస్తారు. అంతకు ముందు సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. పరీక్షలకు వాడే స్విస్ జాతి తెల్ల చిట్టెలుకలను దేశంలోని అనేక సంస్థలకు దశాబ్దాల పాటు సరఫరా చేసిన కేంద్రాల్లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఒకటి. మొదట విషప్రభావ పరీక్ష జరుగుతుంది. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం కొద్ది జంతువులతో మెట్టుమెట్టుగా మోతాదు పెంచుతూ, సాధారణంగా కిలో బరువుకు 2000 మిల్లీగ్రాముల వరకు వెళ్లి చూస్తారు.

ఇక అసలు పరీక్షలు. పైకప్పు లేని పెట్టె అడుగున గళ్లు గీసి, నిర్ణీత సమయంలో చిట్టెలుక ఎన్ని గళ్లు దాటిందో, ఎన్నిసార్లు వెనుక కాళ్లపై నిలబడిందో లెక్కించేది ఒకటి. 1930 దశకంలో కాల్విన్ హాల్ ప్రవేశపెట్టిన ఈ పద్ధతి నేటికీ అందరికీ మొదటి మెట్టు. లెక్క మనిషి కంటికి వదలకుండా, పెట్టెలో కాంతి కిరణాలను అమర్చి, జంతువు వాటిని అడ్డుకున్న ప్రతిసారీ నమోదయ్యేలా చేసే యంత్రం మరొకటి. ఈ రెండింటిలోనూ అంకె తగ్గితే కదలిక తగ్గిందని మాత్రమే అర్థం. కండరాల బలహీనతను వేరుచేసి చూడటానికి 1957లో డన్‌హామ్, మియా రూపొందించిన తిరిగే కడ్డీ పరీక్ష ఉపయోగపడుతుంది: నెమ్మదిగా తిరుగుతున్న కడ్డీ మీద నిలబెట్టిన చిట్టెలుక ఎంతసేపటికి జారిపడుతుందో చూస్తారు. పెట్టెలో కదలిక తగ్గినా కడ్డీ మీద పట్టు తప్పకపోతే ఆ సారం కండరాలను చచ్చుబరచడం లేదని అనుకోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువగా ఉదహరించేదీ, ఎక్కువగా మోసగించేదీ నిద్ర పొడిగింపు పరీక్ష. ముందు సారం ఇచ్చి, తరువాత పెంటోబార్బిటాల్ అనే నిద్రమందును ఎక్కించి, జంతువును వెల్లకిలా పడుకోబెడతారు. తనంతట తాను తిరిగి కాళ్ల మీదికి రాలేని క్షణం నుంచి రాగలిగిన క్షణం వరకు ఉన్న కాలాన్ని నిద్రాకాలంగా లెక్కిస్తారు. సారం తీసుకున్న గుంపు ఎక్కువసేపు నిద్రపోతే సారానికి శమన గుణం ఉందని తేల్చేస్తారు. కాని పెంటోబార్బిటాల్‌ను శరీరం నుంచి తొలగించేది కాలేయంలోని ఎంజైములు, ముఖ్యంగా సైటోక్రోమ్ పి450 అనే కుటుంబానికి చెందినవి; సారంలోని ఏదో పదార్థం ఆ ఎంజైములను అడ్డుకుంటే నిద్రమందు రక్తంలో ఎక్కువసేపు నిలిచి, నిద్ర దానంతటదే పొడుగవుతుంది. సూక్ష్మక్రిములను అరికట్టే క్లోరాంఫెనికాల్ మనసును శాంతింపజేసే మందు కాదు, అయినా అది ఈ పరీక్షలో నెగ్గుతుంది, ఎందుకంటే అది కాలేయపు ఎంజైములను అడ్డుకుంటుంది. సారం జంతువు ఒంటి వేడిని తగ్గించినా అదే ఫలితం రావచ్చు. ఈ చిక్కును విప్పడానికి దారులు లేకపోలేదు: కాలేయం మీద అంతగా ఆధారపడకుండా ఎక్కువ భాగం మూత్రం ద్వారా పోయే బార్బిటాల్‌తో పరీక్షను మళ్లీ చేయవచ్చు, మేలుకున్న క్షణంలో మెదడులో నిద్రమందు ఎంత ఉందో కొలవవచ్చు, జంతువులను వెచ్చగా ఉంచవచ్చు. డయాజెపాం పనిచేసే చోటును మూసివేసే ఫ్లూమజెనిల్‌ను ముందుగా ఇచ్చి, సారం ప్రభావం మాయమవుతుందో లేదో చూస్తే అది ఏ దారిన పనిచేస్తున్నదో కూడా కొంత తెలుస్తుంది. ఇవేవీ అలవిమాలిన పనులు కావు. అయినా అధిక సంఖ్యాకమైన పత్రాల్లో ఇవి కనిపించవు. ఏ గుంపుకు ఏమి ఇచ్చారో లెక్కించేవారికి తెలియకుండా ఉంచడం, జంతువులను గుంపులుగా యాదృచ్ఛికంగా విడగొట్టడం వంటి పైసా ఖర్చులేని జాగ్రత్తలు కూడా తరచు విడిచిపెట్టబడుతున్నాయి.

మోతాదు సంగతి మరొక కథ. చిట్టెలుకలో కిలోకు 400 మిల్లీగ్రాముల సారం పనిచేసిందని అనుకుంటే, శరీర ఉపరితలాన్ని బట్టి మనిషికి లెక్కగట్టే పద్ధతిలో దాన్ని 12.3తో భాగించాలి, 60 కిలోల మనిషికి అది దాదాపు 2 గ్రాముల సారమవుతుంది, నూరు గ్రాముల పొడి నుంచి పది గ్రాముల సారం వచ్చేదైతే దాదాపు 20 గ్రాముల ఎండు పొడి కావాలి. చిటికెడు పొడి పాలలో కలిపి తాగే అలవాటుకూ, ప్రయోగశాలలో నెగ్గిన మోతాదుకూ మధ్య ఉన్న దూరం ఇంతటిది.

చిట్టెలుకలో నెగ్గినవి మనిషిలో నెగ్గుతాయన్న హామీ కూడా లేదు. ఐరోపాలో శతాబ్దాలుగా నిద్రకు వాడుతున్న వలేరియన్ వేరులోని వలెరెనిక్ ఆమ్లం మెదడులో ఉద్రేకాన్ని అణచే గాబా గ్రాహకాల మీద పనిచేస్తుందని ప్రయోగశాలలో చక్కగా రుజువైంది, అయినా మనుషుల్లో జరిగిన పరీక్షల ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు. అమెరికన్ నిద్ర వైద్య అకాడమీ 2017 మార్గదర్శకాల్లో నిద్రలేమికి దానిని వాడవద్దనే సూచించింది. ఆ వేరుకున్న ఘాటైన వాసన వల్ల, ఉత్తుత్తి మాత్ర ఎవరిదో అసలు మాత్ర ఎవరిదో రోగులకు తెలియకుండా దాచడం కూడా కష్టమే. ప్రకృతిసిద్ధమైన పానీయం మత్తునిచ్చిందని అనుకోవడంలో ఇంకొక ప్రమాదం తెలంగాణకు బాగా పరిచితం: కల్తీ కల్లు నమూనాల్లో ఎక్సైజ్ అధికారులకు పలుమార్లు దొరికినవి ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్, తాటిచెట్టుకు ఆ మత్తుతో సంబంధం లేదు.

చిట్టెలుకల అవసరాన్ని తగ్గించే మార్గాలు ఇప్పుడు తెరుచుకుంటున్నాయి. జీబ్రా చేపల పిల్లలను చిన్న గుంటల పలకల్లో ఉంచి, వాటి నిద్రా మెలకువలను కెమెరాతో నమోదుచేస్తూ 5,000కు పైగా పదార్థాలను పరీక్షించిన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. మన దేశంలో 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించి, కణజాలాల ఆధారంగా చేసే పరీక్షలకు కూడా చోటిచ్చారు. అంతకు ముందే, 2015లో, మొక్కల నుంచి వచ్చే మందులకు ప్రత్యేక వర్గాన్ని నెలకొల్పిన నిబంధన ప్రకారం, శుద్ధిచేసిన భాగంలో కనీసం నాలుగు రసాయనాలను గుర్తించి, కొలిచి చూపాలి. ముడి సారం దగ్గరే ఆగిపోయే పరిశోధనకు ఈ నియమం గట్టి పరీక్షే, అయినా సర్పగంధి నడిచిన దారి చూసినవారికి అది న్యాయంగానే తోస్తుంది. ఆ సర్పగంధి అడవుల నుంచి విచ్చలవిడిగా పెకలించబడి, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే ఒప్పందపు రెండవ జాబితాకు ఎక్కింది.

ముందు చెప్పిన నిద్ర పొడిగింపు పరీక్షలో కాలేయం వల్ల వచ్చిన ఫలితాన్ని విఫలమైన ప్రయోగంగా పక్కన పడేయడం కూడా పొరపాటే. ఒక సారం కాలేయపు ఎంజైములను అడ్డుకుంటున్నదని తెలిస్తే, మూర్ఛకో గుండెజబ్బుకో రోజూ మాత్రలు వేసుకునేవారి రక్తంలో ఆ మాత్రల పాళ్లు పెరిగిపోవచ్చునన్న హెచ్చరిక అందులోనే ఉంది. దీనికి విరుద్ధమైన ఉదాహరణ సెయింట్ జాన్స్ వోర్ట్ అనే ఐరోపా మొక్క. దిగులుకు మందుగా పేరొందిన ఈ మొక్క ఆ ఎంజైములను అడ్డుకోవడానికి మారుగా ప్రేరేపిస్తుంది. 2000 సంవత్సరంలో లాన్సెట్ పత్రికలో వెలువడిన నివేదిక ప్రకారం, గుండె మార్పిడి జరిగిన ఇద్దరు రోగులు ఈ మొక్క సారాన్ని తీసుకోగా, కొత్త గుండెను శరీరం తిరస్కరించకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ పాళ్లు వారి రక్తంలో పడిపోయి తిరస్కరణ మొదలైంది. సారం మానేసిన తరువాత ఆ పాళ్లు తిరిగి కుదుటపడ్డాయి.